మొహమాటం ఉంటే పుస్తకం వేసుకోకండి

సొంతంగా పుస్తకం వేసుకునేవాడికి ఏం ఉండాలని అడిగితే ప్రతిభ, ఓపిక, క్రమశిక్షణ అని గడగడా చెప్పేస్తారు. నన్నడిగితే ముందు మొహమాటం వదలాలి. తక్కినవన్నీ దాని తర్వాతే.

తెలుగులో కథలో కవిత్వమో పుస్తకంగా వచ్చిందంటే చాలావరకు రచయిత జేబులోంచి వచ్చినట్టే. ఐదొందల కాపీలు. బ్రౌన్ పేపర్ చుట్టిన కట్టలు ఆటోలో దిగి మంచం కిందికి చేరతాయి. ఆవిష్కరణ సభలో వేదికెక్కిన ఆరుగురికీ ఊరికే ఇస్తాం. సమీక్షకని పత్రికలకు రెండేసి పంపుతాం. చుట్టాలను డబ్బులెలా అడుగుతాం? నా మొదటి పుస్తకం అలా మూడొందలు పంచాను. చదివి ఫోన్ చేసింది నలుగురు. అందులో ముగ్గురు ముఖచిత్రం బాగుందన్నారు.

రెండో పుస్తకానికి ఎవరికిచ్చానో, ఎంతొచ్చిందో రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ పెట్టాను. "అన్నా, ఒక కాపీ పంపు, చదివి చెప్తా" అని ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "తప్పకుండా తమ్ముడూ. పుస్తకం నూట యాభై, కొరియర్ నలభై. ఇదే నంబరుకి ఫోన్‌పే చెయ్యి" అన్నాను. "ఓహో, అమ్ముతున్నావా!" అన్నాడు. ఆ 'ఓహో'ని మింగగలిగినవాడే ఈ పనికి పనికొస్తాడు. డబ్బు కట్టాడు కాబట్టి చదివాడు కూడా. పదో పేజీలో అచ్చుతప్పుందని వారం తిరక్కుండా తిట్టాడు. అంతకంటే మంచి సమీక్ష నాకెవరూ రాయలేదు.

రచయిత్రి రంగనాయకమ్మ గారు స్వీట్‌హోమ్ పబ్లికేషన్స్ పేరుతో దశాబ్దాలుగా తన పుస్తకాలు తానే వేసుకుంటున్నారు. వందల పేజీల పుస్తకాన్ని కూడా సామాన్యుడు కొనగల ధరకే అమ్మారు. ధర తగ్గించడం వేరు, ఊరికే పంచడం వేరు. మనవాళ్లు మొదటిది చేయరు, రెండోది మానరు.

రాత బాగుంటే పుస్తకం దానంతటదే పోతుందనే వాళ్లున్నారు. రాత బాగోకపోతే రెండో పుస్తకం ఎవరూ కొనరు, ఒప్పుకుంటా. కానీ షాపులో పెడితే ధరలో ముప్ఫై నలభై శాతం కమిషన్‌కే పోతుంది. మిగిలింది రావాలంటే మళ్లీ మనమే ఫోన్ చేసి అడగాలి. అక్కడా మొహమాటమే అడ్డు.

అసలు మనం అడగాల్సింది స్నేహితుల్నే కాదు, సర్కారుని కూడా. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయాలి. బకాయిలు పేరుకున్నాయన్న వార్త మాత్రం ప్రతి ఏడూ చదువుతూనే ఉంటాం. రెండు రాష్ట్రాల శాఖా గ్రంథాలయాలు తలా ఒక కాపీ కొన్నా మన ఐదొందలు చాలవు. ఒక్క రచయితల సంఘమైనా ఆ లెక్క అడగదేం?

మొన్న మా ఊరి లైబ్రరీకి వెళ్లి, కొత్తగా వచ్చిన తెలుగు పుస్తకాలేమైనా ఉన్నాయా అని అడిగాను. లైబ్రేరియన్ బీరువా తెరిచి ఒకటి తీసిచ్చాడు. రెండేళ్ల కిందట నేనే ఊరికే ఇచ్చిన నా పుస్తకం.