బిడ్డకి పావుగంట, తల్లికి ఆరు నెలలు

మొన్న విశాఖలో ఒక పిల్లల థెరపీ సెంటర్‌కి వెళ్ళాను. లోపల ఒక చీకటి గది. గోడ వారగా బుడగలు పైకి లేచే నీళ్ళ గొట్టం, రంగులు మారే లైట్లు, కింద మెత్తలు. ఏడో నెలకే పుట్టి, వారాల తరబడి ఇంక్యుబేటర్ పెట్టెలో ఉండి వచ్చిన బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఒక జంట కూర్చుంది. ఫీజు వినగానే తండ్రి ముఖం మాడిపోయింది. అయినా "తప్పదు కదండీ" అన్నాడు. ఆ బిడ్డకి ఆ గది అక్కర్లేదని నా గట్టి నమ్మకం.

అలాంటి గదులు 1970లలో నెదర్లాండ్స్‌లో మొదలయ్యాయి. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళు కాసేపు సేద తీరడానికి కట్టినవి అవి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి, పుట్టగానే ఏడవని బిడ్డకి ఇచ్చే ఇంద్రియ ఉద్దీపన, అంటే చూపుని, వినికిడిని, స్పర్శని మెల్లగా మేల్కొలపడం, దాని దారి వేరు.

అసలు ఆ బిడ్డ ఏం పోగొట్టుకున్నాడో చూడండి. కడుపులో చీకటి, తల్లి గుండె చప్పుడు, ఆమె నడకతో పాటు ఊగడం. ఒక్కసారిగా ఎన్‌ఐసీయూ, అంటే పసిపిల్లల ఐసీయూ లైట్లు, మానిటర్ల కూత, గుండె దగ్గర వైర్లు, మడమకి సూది. అక్కడ మోత 45 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఎప్పుడో చెప్పింది. పాటించడం ఎంత కష్టమో ఒక్కసారి ఆ వార్డులో నిలబడితే తెలుస్తుంది. బిడ్డ చెవికి మోత దొరికింది, మాట దొరకలేదు. ఒంటికి సూది దొరికింది, నిమిరే చెయ్యి దొరకలేదు.

ఆ లోటు పూడ్చడానికి అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు రోజ్‌మేరీ వైట్ ట్రాట్ ఒక పద్ధతి తయారుచేశారు. మొత్తం పావుగంట. పది నిమిషాలు మెల్లగా మాట్లాడుతూ, ఒళ్ళు నిమురుతూ, కళ్ళలోకి చూడటం. తర్వాత అయిదు నిమిషాలు ఊపడం. అంతే. ఏ వైరూ లేదు. పసిబిడ్డకి స్పష్టంగా కనిపించే దూరం జానెడుకి కాస్త ఎక్కువ, అంటే పాలు తాగేటప్పుడు అమ్మ ముఖం ఉండే దూరమే.

ఇందులో మెలకువ అంతా ఎప్పుడు ఆపాలో తెలియడంలో ఉంది. బిడ్డ వేళ్ళు విసనకర్రలా విచ్చుకున్నా, ముఖం పక్కకి తిప్పేసినా, ఎక్కిళ్ళు వచ్చినా, రంగు మారినా చాలు, ఇక వద్దని చెప్తున్నట్టే. అప్పుడు చేతులు తీసేసి ఊరుకోవాలి. రంగులు మారే లైటుకి ఆ సంగతి తెలియదు. అమ్మకి ఒకసారి చూపిస్తే తెలుస్తుంది.

పెందుర్తి వైపు ఒక ఇంట్లో ఇది కళ్ళారా చూశాను. నాయనమ్మ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాళ్ళ మధ్య మనవడు. ముందు తన అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంది, తర్వాత నూనె. తొడ నుంచి పాదం దాకా ఒకే ఒత్తిడి, ఒకే వేగం. ప్రతి అవయవాన్నీ పేరు పెట్టి పలకరిస్తోంది. ఫిజియోథెరపిస్టు చెప్పినవి మూడే మాటలు: ముక్కులో, చెవిలో నూనె పోయొద్దు, సాంబ్రాణి పొగ వెయ్యొద్దు, బిడ్డ రెండు చేతులూ గుండెల మీదికి తెచ్చి కలపండి. పెద్దావిడ నవ్వింది. "ఇదేటమ్మా వైద్యం? నా పిల్లలందరికీ నాను సేసిందిదే కదా" అంది. ఆ ఇంటికి కొత్తగా నేర్పాల్సింది నిజంగా అంతే.

దీనికి గట్టి ఆధారాలు లేవనే డాక్టర్లున్నారు. వాళ్ళ మాట కొట్టిపారేయలేం. నెలలు తక్కువ పిల్లలకి ఇంటికెళ్ళాక ఇచ్చే శిక్షణపై వైద్య పరిశోధనలను కూడగట్టి తూచే కాక్రేన్ సంస్థ 2015 సమీక్ష 25 అధ్యయనాలు చూసి, తెలివితేటల్లో మేలు బడి ఈడుకి ముందు వరకే కనిపించిందనీ, కదలికల్లో లాభం స్వల్పమనీ తేల్చింది. మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీని ఏ మర్దనా మాన్పదు. కానీ తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ తల్లులకే నేర్పించి ఇంట్లో చేయించినప్పుడు, ముప్పు ఉన్న పిల్లలు ఏడాదికీ రెండేళ్ళకీ జరిపిన పరీక్షల్లో ముందున్నారు. పుట్టిన వెంటనే తల్లి గుండెలకి హత్తుకుని ఉంచితే తక్కువ బరువు పిల్లల మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో తేలింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉన్న అయిదు దేశాల పరిశోధన అది. తల్లి స్పర్శ మందులాగే పనిచేస్తుందనడానికి ఇంకేం కావాలి?

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆ తల్లికి టైమేది?

పిల్లల్లో లోపాలను ముందే కనిపెట్టే కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కే 2013లో వచ్చింది. జిల్లా కేంద్రాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూస్తుంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఫిషింగ్ హార్బర్‌లో చేపల బుట్ట ఎత్తే ఆవిడకి, మధురవాడ అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్ళ పని చేసే ఆవిడకి, పాడేరు కొండల నుంచి వంద కిలోమీటర్లకు పైగా దిగి రావాల్సిన ఆవిడకి ఒక రోజు చికిత్స అంటే ఒక రోజు కూలి పోయినట్టే. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచారు. జీతం స్లిప్పు ఉన్నవాళ్ళకి అది వరం. కూలి తల్లికి తొలి కాన్పుకి కేంద్రం ఇచ్చేది 5,000 రూపాయలు, అదీ విడతల్లో. నెలలు తక్కువ బిడ్డని గుండెల మీద పెట్టుకోమని డాక్టరు చెప్తాడు, పనికి రమ్మని ఇల్లు పిలుస్తుంది. ఆమె ఏం చెయ్యాలి?

ఎస్‌ఎన్‌సీయూ, అంటే సర్కారు ఆసుపత్రిలో జబ్బు పసికందుల వార్డు నుంచి ఇంటికెళ్ళే ప్రతి బిడ్డ తల్లికీ ఆరు నెలలు ఉపాధి హామీ కూలి రేటు లెక్కన డబ్బు ఇవ్వాలి. తొలి కాన్పా, మలి కాన్పా అని అడగకూడదు. డిశ్చార్జి రోజునే నర్సు ఆమె చేతులు పట్టుకుని ఆ పావుగంట చేయించాలి, పక్కన అత్తగారినీ కూర్చోబెట్టి. మూడో నెలలో బిడ్డ కదలికలను ఆశా ఫోనులో వీడియో తీసి జిల్లా కేంద్రానికి పంపాలి. ఆ వయసు కదలికలు చూసి సెరిబ్రల్ పాల్సీ ముప్పు చెప్పగల పద్ధతి ప్రపంచంలో ఇప్పటికే ఉంది. చూసి చెప్పేవాళ్ళకి శిక్షణ ఇప్పించాలి, అంతే. వయసు లెక్క పుట్టిన రోజు నుంచి కాదు, నెలలు నిండితే కాన్పు అవుతుందని డాక్టరు ముందుగా ఇచ్చిన తేదీ నుంచి వెయ్యాలి. లేకపోతే మంచి బిడ్డకీ అనవసరపు టెన్షన్ మొదలవుతుంది.

సెంటర్లో కలిసిన ఆ తల్లికి సోమవారం నుంచి మళ్ళీ డ్యూటీ. "వీణ్ణి మా అమ్మ చూసుకుంటుందండీ" అంది. వాళ్ళమ్మకి ఆ పావుగంట ఎవరైనా చూపించారా అని అడిగాను. ఎవరూ చూపించలేదు.