ఫ్రెషర్స్ కావలెను, అనుభవం తప్పనిసరి

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కరెంటు స్తంభానికి అంటించిన ఒక కాగితం వారం రోజులుగా నా నిద్ర చెడగొడుతోంది. "ఫ్రెషర్స్ కావలెను. కనీసం 2 సంవత్సరాల అనుభవం తప్పనిసరి." తాగి రాశాడనుకోవడానికి వీల్లేదు. అక్షరదోషం ఒక్కటీ లేదు, కింద ఫోన్ నంబరు కూడా జాగ్రత్తగా రెండుసార్లు వేశాడు.

పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. పెద్దవాళ్లు ఈ మాట వెటకారానికి అన్నారు. ఇప్పటివాళ్లు దానికి హెచ్‌ఆర్ పాలసీ అని పేరు పెట్టి స్తంభాలకు అంటిస్తున్నారు.

మా మేనల్లుడు ఈమధ్యే బీకామ్ కంప్యూటర్స్ పూర్తి చేశాడు. వాడి బయోడేటా అరపేజీ. మిగతా సగం ఖాళీగా ఉంటే బాగుండదని "హాబీలు: పుస్తక పఠనం" అని రాసుకున్నాడు. (పరీక్ష ముందు రోజు తప్ప వాడి చేతిలో పుస్తకం నేను చూడలేదు, అది వేరే సంగతి.) ఆ ఖాళీ నింపే దారి వాడి స్నేహితుడెవరో చెప్పాడు. ఏలూరు రోడ్డులో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, అక్కడ ఎక్స్‌పీరియన్స్ అమ్ముతారట.

నేను కేవలం సాక్షిగా వెళ్లాను. బల్ల వెనకాయన మిఠాయి కొట్టులో అడిగినట్టు "ఎంత కావాలి సార్, ఏడాదా, రెండేళ్లా, మూడేళ్లా?" అన్నాడు. మూడేళ్లది తీసుకుంటే జీతం స్లిప్పులు ఫ్రీ.

"మూడేళ్ల క్రితం వీడు ఇంటర్ పాసయ్యాడండీ."

"అయితే ఏంటి సార్? నైట్ షిఫ్ట్ అనుకోండి."

"కంపెనీ ఎక్కడుంది?"

"కిందటేడే మూసేశారు. ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేడు. దానికే సార్ డిమాండు."

అడ్వాన్సు తర్వాత ఇస్తామని చెప్పి శాంపిల్ మెటీరియల్ తెచ్చుకున్నాం. నాలుగు పేజీల జిరాక్స్. చేయని ఉద్యోగంలో మావాడు ఎన్నో అంతస్తులో కూర్చున్నాడో, టీ ఎక్కడ తాగాడో అన్నీ ఉన్నాయి. టీమ్ లీడ్‌కి షుగర్, టీలో పంచదార వేసుకోడు. ఇలాంటివి చెబితే ఇంటర్వ్యూలో నమ్ముతారట. రెండేళ్లలో ఒక్క సెలవూ పెట్టలేదంటే మాత్రం నమ్మరట. అందుకని అమ్మమ్మ పోయిందని నాలుగు రోజులు సెలవు రాశారు. తేదీ 2024 మే 6. ఆ అమ్మమ్మ వంటింట్లో మజ్జిగ చిలుకుతుంటే, వీడు ముందు గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఆవిడ మరణం బట్టీపట్టాడు. డిగ్రీ మూడేళ్లూ అంత శ్రద్ధగా చదివుంటే కాలేజీ ఫస్ట్ వచ్చేవాడు.

ఆ స్తంభానికి కాస్త దూరంలోనే ఆటోనగర్ ఉంది. అక్కడి షెడ్డుకి కొత్త కుర్రాడొస్తే మేస్త్రి "ఇప్పటిదాకా ఎన్ని లారీలు విప్పావు?" అని అడగడు. "పద్నాలుగో నంబరు స్పానర్ అందుకోరా" అంటాడు. పదో నంబరుది ఇస్తే ఒక తిట్టు తిడతాడు. అలా తిట్లు తింటూనే ఆ కుర్రాడు కొన్నాళ్లకు చప్పుడు విని ఇంజన్ రోగం చెప్పేస్తాడు. ఏసీ గదుల్లోవాళ్లకు ఆ తిట్టే ఓపిక కూడా లేదు. పనివాణ్ణి పక్కవాడు తయారుచేసి పంపితే వీళ్లు కుర్చీ చూపిస్తారు.

చట్టం లేదా అంటే, 1961 నుంచీ అప్రెంటిస్ చట్టం ఉంది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. స్టైపెండ్ ఇచ్చి నేర్పాలి. ఇచ్చి, అయ్యా, ఇచ్చి. తీసుకుని కాదు.

మొన్న బందరు రోడ్డులో ఒక ఆఫీసు మావాడిని ఎలాగో ఎంపిక చేసింది. ట్రైనింగ్ ఫీజు 20,000 కట్టాలి. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ ప్రొవిజనల్ దాకా ఒరిజినల్స్ అన్నీ రెండేళ్లపాటు వాళ్ల బీరువాలో ఉండాలి. జీతం మాత్రం "తర్వాత మాట్లాడదాం". సిగ్గుండక్కర్లేదా? ఆ కాగితాల కోసం మా చెల్లెలు గాజులు కుదువబెట్టింది. ఆ పిల్లాడికి ఉన్న ఆస్తి అదొక్కటే, అదీ లాక్కుంటారా? పని రాదనుకుంటే ఇవ్వకండి, మీ ఇష్టం. పని లేనివాడి దగ్గరే వసూలు చేస్తారేం? మీ కంటే గాజులు పట్టుకున్న సేటు నయం, ఆయన కనీసం చేతిలో డబ్బు పెట్టాడు.

మావాడు ఫైలు చంకలో పెట్టుకుని కిందికి దిగొచ్చాడు. చెరకురసం బండి దగ్గర నిలబడి, గ్లాసు సగం తాగి, "ఇచ్చేసి చేరిపోనా మామయ్యా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఇంటికొచ్చేసరికి ఆ నాలుగు పేజీలూ అమ్మ చేతిలో ఉన్నాయి. కళ్లజోడు పెట్టుకుని చదువుతూ, తను పోయిన లైను దగ్గర ఆగింది.

"మే ఆరున చంపావేంట్రా నన్ను?"

"అది వాళ్లే వేశారు అమ్మమ్మా."

"ముక్కలు కొట్టించే రోజుల్లో నేను పోతే ఆవకాయ ఎవరు పెట్టారంట? మీ అమ్మకి ఉప్పు పాళ్లు తెలియవు. జూన్‌కి మార్చమను."