కామా తెచ్చిన తంటా

జర్మనీ క్లయింటు వాడే ఖర్చుల అప్లికేషన్‌లో 12,50 యూరోల భోజనం బిల్లు డేటాబేస్‌లో 1250గా పడింది. దాన్ని హైదరాబాద్ నుంచి చూసుకునే టీమ్‌లో లీడ్‌గా ఉన్న అక్కకీ, కొత్తగా చేరిన తమ్ముడికీ టీ చల్లారేదాకా వాదన నడిచింది.

తమ్ముడు: వాళ్లకు దశాంశానికి కామా, వేలకు చుక్క. మన సర్వర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంది. జర్మన్‌కు మార్చేస్తే సరిపోదా అక్కా?

అక్క: వచ్చే నెల వాళ్ల స్విట్జర్లాండ్ ఆఫీసు చేరుతోంది. అక్కడ 1’250.50 అని వేలకు అపాస్ట్రఫీ పెడతారు. అప్పుడు సర్వర్‌ను ఏ దేశానికి మారుస్తావు?

తమ్ముడు: అసలు 12,50కి ఎర్రర్ రావాలి కదా?

అక్క: రాదు. మనం కోడ్ రాసే డాట్‌నెట్‌కు అమెరికా సెట్టింగ్‌లో కామా అంటే వేలను విడదీసే గుర్తు. అది సరైన చోట ఉందో లేదో లెక్కపెట్టదు, తీసేసి అంకెలు చదువుకుంటుంది. మన 1,25,000 కూడా అక్కడ పాసవుతోందంటే ఆ చూసీచూడనితనం వల్లే. మనకు కలిసొచ్చిందే వాళ్ల కొంప ముంచింది.

తమ్ముడు: మరి మనం చెయ్యి పెట్టబట్టే కదా తప్పు జరిగింది! వాళ్లు కొట్టింది కొట్టినట్టు వార్‌చార్ కాలమ్‌లో, అంటే ఉత్త టెక్స్ట్‌గా, దాచేద్దాం.

అక్క: నెలాఖరుకు మొత్తం అడుగుతారు. టెక్స్ట్‌ను వరుసలో పెడితే 9 కంటే 1000 ముందొస్తుంది. మన డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో '1,250.50' అనే టెక్స్ట్‌ను మొత్తం కట్టే సమ్‌లో వేసి చూడు, కామా దగ్గరే ఆగిపోయి 1 అంటుంది. వార్నింగ్ ఇస్తుందిలే, చూసేదెవరు?

తమ్ముడు: అయితే ఎక్కడ మార్చాలంటారు?

అక్క: గడప దగ్గరే. ఫారమ్ నింపే మనిషి ఏ పద్ధతిలో రాస్తాడో అక్కడే తెలుస్తుంది. ఆ పద్ధతి పేరు చెప్పి, కామా తప్పు చోట ఉంటే ఒప్పుకోకుండా పార్స్ చెయ్యి, అంటే టెక్స్ట్‌ను సంఖ్యగా మార్చు. లోపల దశాంశ సంఖ్యలు దాచే డెసిమల్ కాలమ్. డేటాబేస్‌కు పంపేటప్పుడు పారామీటర్‌గానే, అంటే క్వెరీ వాక్యంలో కలపకుండా విడి విలువగా పంపు. క్వెరీలో అతికిస్తే 12,50ని రెండు విలువలనుకుంటుంది.

తమ్ముడు: పట్టికను టెక్స్ట్‌గా పంపే సీఎస్‌వీ ఫైల్‌లో 1.250 అని ఉంటే? పన్నెండు వందల యాభయ్యా, ఒకటింపావా?

అక్క: ఊహించకు. ఫైల్ ఏ దేశానిదో రాసి ఉంటేనే తీసుకో, లేదంటే వెనక్కి పంపు.

తమ్ముడు: ఫ్రాన్స్ ఫైళ్లలో వేల మధ్య ఖాళీ ఉంటుంది. దాన్ని తీసేద్దామని నిన్న రీప్లేస్ కొట్టాను, పోలేదు.

అక్క: అది మన స్పేస్‌బార్ ఖాళీ కాదు. ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో విడిగా ఉన్న సన్న ఖాళీ. కంటికి తేడా తెలియదు.

తమ్ముడు: సరే, గడప దగ్గరే మారుద్దాం. పాత డేటా సంగతేంటి మరి? ఇప్పుడు 1250 అని ఉన్న వరుసల్లో ఏది 12,50, ఏది నిజంగా 1250?

అక్క: ...

తమ్ముడు: చెప్పండక్కా.

అక్క: కోడ్ చూసి చెప్పలేం. సరే, డెసిమల్ పక్కనే నీ వార్‌చార్ కూడా ఒకటి పెట్టు, వాళ్లు కొట్టింది కొట్టినట్టు. లెక్కలకు మాత్రం దాన్ని ముట్టుకోకు.

తమ్ముడు: మరి పాతవి?

అక్క: బిల్లుల ఫొటోలు పంపమని క్లయింటుకు మెయిల్ పెట్టు. నేను ఇంకో టీ తెచ్చుకుంటా.