టెన్షన్ పడరాదని జీవో

భయపడ్డవాణ్ణి ఇంకాస్త భయపెట్టి ధైర్యం చెప్పడం తిరుపతిలో తరతరాల విద్య. దీనికి ఇప్పుడు ముప్పొచ్చింది. నాడీ వ్యవస్థ గురించి నాలుగు ముక్కలు చదువుకున్న కుర్రాళ్లు, మన ఓదార్పు పద్ధతే తప్పంటున్నారు.

వాళ్ల వాదన విందాం. మన ఆజ్ఞ కోసం ఆగకుండా నడిచే నాడీ వ్యవస్థ ఒకటుంది. ప్రమాదం అనిపిస్తే అందులో సింపథెటిక్ అనే భాగం లేస్తుంది. గుండె దడదడలాడుతుంది, అడ్రినలిన్ ఊరుతుంది, అరుగుదల మందగిస్తుంది. ఇది పోరాడటానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఏర్పాటని అమెరికా శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే రాశాడు. రాయొచ్చు. 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే పూట ఆయన మన ఇళ్లలో కూర్చోలేదు కదా! పోరాడదామంటే ఎదురుగా ఎవరూ ఉండరు, పారిపోతే కోటా అయిపోతుంది. మూడో దారి మనమే కనిపెట్టాం: పక్కనున్నవాళ్ల మీద అరవడం.

శాంతపరిచే భాగం పేరు పారాసింపథెటిక్. దానికి పెద్ద దిక్కు వేగస్ నరం. మెదడు అడుగు నుంచి గుండె మీదుగా పొట్ట దాకా దిగుతుంది. విచిత్రమేమిటంటే ఇందులో ఎక్కువ పోగులు కింది కబుర్లు పైకి మోసేవే, పై ఆజ్ఞలు కిందికి తెచ్చేవి తక్కువ. అంటే "టెన్షన్ పడకు" అని పైనుంచి ఎన్ని జీవోలిచ్చినా కింది సిబ్బంది ఖాతరు చేయరు. ఇది మాత్రం నమ్ముతాను. ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదిలితే గుండె కాస్త నెమ్మదిస్తుందట, అదీ నిజమే. కానీ మా పెద్దమ్మ ఫోన్ చేసి "నాయనా, కంగారు పడొద్దు గానీ..." అని, అక్కడ ఆగి, ఎవరో తలుపు కొట్టారని లేచి వెళ్లిపోతుంది. ఆమె తిరిగొచ్చేదాకా ఊపిరి ఎవడు వదలగలడు?

2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసిపిల్ల ప్రాణం తీసింది. ఆ తర్వాత దేవస్థానం భక్తుల చేతికి కర్రలిచ్చింది. చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు. కర్రకు చిరుత బెదురుతుందో లేదో గానీ, చేతిలో ఒక బరువు, చుట్టూ గుంపు, ముందు నడిచేవాళ్ల గోవింద నామం ఉంటే కాళ్ల వణుకు తగ్గుతుంది. భయపడొద్దని చెప్పే బోర్డు పెట్టి ఊరుకుని ఉంటే తగ్గేది కాదు. ఈ ఒక్క విషయంలో కుర్రాళ్లకు మార్కులు వేయక తప్పదు.

అలాగని సంప్రదాయమంతా వదులుకోలేం. జనం కిక్కిరిసిన చోట "జేబుదొంగలున్నారు జాగ్రత్త" అని గర్జించే మైకు జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదని నా మనవి. అది వినగానే ప్రతివాడూ తన పర్సు తడుముకుంటాడు. పర్సు ఎక్కడుందో అతనికీ తెలుస్తుంది, దొంగకూ తెలుస్తుంది. ఇద్దరి కంగారూ ఒకేసారి తీర్చే ప్రకటన ఇంకోటి ఉంటే చూపించండి.