పరీక్ష తప్పడం ఇక కుదరదు

అమెరికాలో హైస్కూలు పిల్లలకు చదువు రావడం లేదని ఈమధ్య ఎక్కడ చూసినా ఒకటే గగ్గోలు. ఈ గోల పెట్టేవాళ్ళంతా, చదువు రావడానికీ పాసవడానికీ ఏదో సంబంధం ఉందని ఇంకా నమ్ముతున్న పాతకాలపు మనుషులు. అక్కడి స్కూల్ డిస్ట్రిక్టులు (అంటే ఆయా ఊళ్ళలో ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థలు) ఆ మూఢనమ్మకాన్ని ఎప్పుడో వదిలించుకున్నాయి. ఇంత ఘనకార్యానికి తెలుగులో ఒక సన్మానపత్రమైనా లేకపోవడం మనకే లోటు. శాలువా ఖర్చు నేను భరించలేను కాబట్టి పత్రం వరకు రాసిస్తున్నాను.

మన ఎస్సెస్సీలాగా రాష్ట్రమంతటికీ ఒకే పబ్లిక్ పరీక్ష, వేరే స్కూల్లో సెంటరు, ఎవరో ముక్కూమొహం తెలియని అయ్యవారు చేసే స్పాట్ వాల్యుయేషన్ అక్కడ చాలాచోట్ల ఉండవు. రాష్ట్రం పైనుంచి కొన్ని గీతలు గీస్తుంది. ఆ గీతల మధ్య ఏం చెప్పాలో, ఎన్ని మార్కులకు ఏ గ్రేడో, ఎవడు గట్టెక్కాడో తేల్చేది ఊళ్ళోని డిస్ట్రిక్టే. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళలో ఇంగ్లీషుకిన్ని, లెక్కలకిన్ని అని క్రెడిట్లు కూడబెట్టుకుంటే పట్టా చేతికొస్తుంది. పాఠం చెప్పేదీ వాళ్ళే, దిద్దేదీ వాళ్ళే, మా దగ్గర ఇంతమంది గట్టెక్కారని పైకి లెక్క రాసేదీ వాళ్ళే. పెళ్ళికొడుకే పురోహితుడైతే ముహూర్తం దాటిపోతుందా?

ఆ పైకి రాసే లెక్క చాలా ముఖ్యం. 2015 నాటి కేంద్ర చట్టం ప్రకారం, ఏ హైస్కూల్లోనైనా మూడోవంతు మందికి పట్టా రాకపోతే ఆ స్కూలు పేరు బాగుచేయవలసినవాటి జాబితాకెక్కుతుంది. పేరు జాబితాకెక్కకుండా ఉండాలంటే దారులు రెండు. పిల్లలకు చదువు చెప్పడం ఒకటి. అది ఏళ్ళ తరబడి సాగే వ్యవహారం, మంచి టీచర్లు కావాలి, పైగా ఫలితం వచ్చేసరికి డిస్ట్రిక్టును నడిపే సూపరింటెండెంటు వేరే ఊరు వెళ్ళిపోయి ఉంటాడు. రెండో దారి గురించే ఈ పత్రం. దాని ఫలితం చూడండి. దేశం మొత్తం మీద నాలుగేళ్ళలో హైస్కూలు దాటినవాళ్ళు 2010-11లో 79 శాతం, 2018-19కి 86 శాతం. 2024లో కేంద్రప్రభుత్వమే పన్నెండో తరగతివాళ్ళకు పెట్టిన పరీక్షలో 45 శాతం మంది లెక్కల్లో కనీసస్థాయి కూడా అందుకోలేదు. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడడం అమర్యాద. మర్యాదస్తులు ఒకదాన్ని ప్రెస్‌మీట్‌లో చెప్పి, రెండోదాన్ని కోవిడ్ ఖాతాలో రాస్తారు.

ఇక పద్ధతులు. అన్నిటికన్నా సొగసైనది యాభై మార్కుల పునాది. లాస్‌వేగాస్ ఉండే క్లార్క్ కౌంటీతో సహా చాలా డిస్ట్రిక్టులు ఈ బాట పట్టాయి. హోమ్‌వర్కు ఇవ్వకపోయినా, పరీక్షకు రాకపోయినా, తెల్లకాగితం ఇచ్చినా యాభై. ఇందులో తర్కం లేదనడం అన్యాయం, ఉంది. 90 నుంచి 100 దాకా ఏ, 80 పైన బి, అలా ప్రతి గ్రేడుకూ పదేసి మార్కుల జాగా ఉంటే ఫెయిలని చెప్పే ఎఫ్ ఒక్కదానికి సున్నా నుంచి 59 దాకా అరవై మార్కుల జాగీరు. మూడుసార్లు 90 తెచ్చుకున్న పిల్ల జ్వరమొచ్చి ఒక్క హోమ్‌వర్కు ఎగ్గొడితే సరాసరి 67.5కు పడుతుంది. ఆ పిల్ల అన్యాయమైపోయిందని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది.

కానీ డిస్ట్రిక్టు ఆఫీసు ఈ లెక్కను ఒకవైపు నుంచే చేసింది. రెండోవైపు నుంచి పిల్లలు చేసుకున్నారు. నాలుగు పనుల్లో మూడు పూర్తిగా మానేసి, ఒక్కటి బాగా రాసి 90 తెచ్చుకుంటే? మూడు యాభైలు నూటయాభై, తొంభైతో కలిపి 240, నాలుగుతో భాగిస్తే 60. డి గ్రేడు, పాస్. జ్వరమొచ్చిన పిల్ల కోసం వేసిన నిచ్చెన మీద జ్వరం లేనివాళ్ళంతా ఎక్కేశారు. ఆ ఏడాది ఆల్జీబ్రాలో వాళ్ళు సొంతంగా సాధించిన లెక్క బహుశా ఇదొక్కటే, అందులో మాత్రం ఎవరికీ తప్పు రాలేదు.

ఇంత చేసినా తప్పేవాళ్ళుంటారు. (ప్రతిభ ఎక్కడైనా ఉంటుంది కదా.) వాళ్ళ కోసమే క్రెడిట్ రికవరీ, అంటే పోయిన క్రెడిట్‌ను తిరిగి రాబట్టుకునే కోర్సు. మా కాలంలో పరీక్ష తప్పితే సెప్టెంబరుకు పోయేవాళ్ళం. అందులోనూ తప్పితే గజనీ మహమ్మదు దండయాత్రలతో పోల్చి బంధువులు ఆనందించేవాళ్ళు. అక్కడ ఆ అవమానాలేవీ లేవు. ఒక గది, గదినిండా కంప్యూటర్లు, చెవులకు హెడ్‌ఫోన్లు. ఒకడు ఆల్జీబ్రా-2, పక్కవాడు అమెరికా చరిత్ర, వాడి వెనక పిల్ల బయాలజీ. కాపలాగా ఒక టీచరు, ఆయన సబ్జెక్టు ఏదైనా ఫరవాలేదు, ఎవరూ ఆయన్ని ఏమీ అడగరు. పాఠానికి ముందే చిన్న పరీక్ష, అందులో గట్టెక్కితే పాఠం చూడక్కర్లేదు. గట్టెక్కకపోతే వీడియో. దాని పని అది చూసుకుంటూ ఉంటే పక్క ట్యాబులో జవాబులు వెతుక్కోవచ్చు. తప్పయితే మళ్ళీ నొక్కొచ్చు. పది నెలల పాఠాన్ని కొన్ని రోజుల్లో ముగించిన ధీరులున్నారు.

మరి వ్యాసరూప ప్రశ్నలు ఎవరు దిద్దుతారని మీకు అనుమానం రావచ్చు. 2020లో ఎడ్జెన్యుయిటీ అనే సాఫ్ట్‌వేరు మీద లాస్ ఏంజెలెస్‌లో ఒక పన్నెండేళ్ళ కుర్రాడు చరిత్ర జవాబు రాశాడు. పంపిన మరుక్షణం మార్కులొచ్చాయి, నూటికి యాభై. వాళ్ళమ్మ చరిత్ర ప్రొఫెసర్. జవాబు చదవడానికే టైము పట్టాలి కదా, ఇది చదివిందెవరు అని ఆవిడకు అనుమానమొచ్చింది. తల్లీకొడుకులు కూర్చుని కిటుకు పట్టేశారు. ముందు రెండు పూర్తి వాక్యాలు రాయాలి. తర్వాత పాఠంలో కనిపించే మాటల్ని వరసపెట్టి కుమ్మరించాలి. వాణిజ్యం గురించిన ప్రశ్నకైతే సంపద, బిడారు, ఓడ, ఇండియా, చైనా, మధ్యప్రాచ్యం. ఇలా. నూటికి నూరు! ఆ తర్వాత ఆ కుర్రాడికి వెనక్కి చూసుకునే పని లేకపోయింది.

మన దగ్గర వాల్యుయేషన్‌లో జవాబును జానతో కొలిచి మార్కులేస్తారని ఒక ప్రతీతి. ఆ లోకప్రసిద్ధి చెందిన జాన ముందు ఈ సాంకేతికత దిగదుడుపేనని కొందరు దేశభక్తులు వాదించవచ్చు. ఒప్పుకోను. జాన పెట్టడానికైనా ఒక మనిషి చెయ్యి కావాలి, ఆ మనిషికి జీతమియ్యాలి.

ఈ పద్ధతుల శక్తి తెలియాలంటే లాస్ ఏంజెలెస్‌కే వెళ్ళాలి. పై చదువులకు పనికొచ్చే కోర్సులన్నీ పూర్తిచేస్తేనే పట్టా ఇస్తామని అక్కడి బోర్డు ఒకప్పుడు గంభీరంగా తీర్మానించింది. ముందు సి గ్రేడు కావాలన్నారు, 2015లో డి చాలన్నారు. అయినా ఆ డిసెంబరుకు లెక్కేస్తే 54 శాతమే దాటేలా ఉన్నారు. కోటిన్నర డాలర్ల క్రెడిట్ రికవరీ దింపారు. ఆరు నెలలు తిరగ్గానే 75 శాతం. ఆరు నెలల్లో అంతమందికి చదువు ఎక్కిందా అని అడిగినవాళ్ళకు పని లేదనుకోవాలి.

వాషింగ్టన్ డీసీ మరో మెట్టు ఎక్కింది. 2017లో బలూ హైస్కూల్లో పట్టా తీసుకున్న 164 మందికీ కాలేజీ సీట్లొచ్చాయని పండగ చేశారు. సరైన కారణం లేకుండా ఏ క్లాసుకైనా 30 సార్లకు మించి రాకపోతే ఆ సబ్జెక్టు తప్పినట్టేనని నిబంధన. విలేకరులు తవ్వి చూస్తే ఆ పిల్లల్లో సగంమంది ఆ ఏడాది మూడు నెలలకు పైగా బడి మొహం చూడలేదు. తర్వాత అధికారికంగా విచారిస్తే నగరం మొత్తం మీద 2,758 పట్టాల్లో 937 నిబంధనలు దాటి వచ్చినవని తేలింది. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ నివేదికలోనే ఉన్న ఇంకో సంగతి. కొందరు పిల్లలను సబ్జెక్టు తప్పకముందే క్రెడిట్ రికవరీలో కూర్చోబెట్టారు. మార్చి పరీక్ష రాకుండానే సెప్టెంబరు పరీక్ష రాయించేంత ముందుచూపు మన బోర్డులకు ఎప్పటికొస్తుందో!

సిలబస్ విషయంలో శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళది ఇంకా సులువైన మార్గం. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా కొందరికి అందుతోంది, కొందరికి అందడం లేదని గమనించి, 2014లో అసలు ఎవరికీ లేకుండా చేశారు. సమానత్వం వెంటనే వచ్చింది. పదేళ్ళ తర్వాత తల్లిదండ్రుల పోరు పడలేక మళ్ళీ పెడతామన్నారు.

ఆ పోరు పెట్టిన తల్లిదండ్రుల్లో మనవాళ్ళుండరా అంటే, ఎక్కడ లెక్కల గొడవ ఉంటే అక్కడ మనవాళ్ళుంటారు. ఇక్కడ కాస్త గర్వపడాలి. పై పద్ధతులన్నీ వెనకబడ్డ పిల్లలకే అనుకుంటే పొరపాటు. టెక్సాస్‌లో ఒక పరీక్ష రాసి, క్లాసులో కూర్చోకుండానే క్రెడిట్ కొట్టెయ్యొచ్చు. పాఠం అస్సలు విననివాడికి 80 రావాలి, ఏడాదంతా విని తప్పినవాడికి 70 చాలు. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో, తలా ఒక వంటకం తెచ్చుకునే ఏ పాట్‌లక్ విందుకు వెళ్ళినా గుత్తివంకాయ వడ్డించుకుంటూ "మీవాడు జామెట్రీ సమ్మర్లో లేపేశాడా వదినా?" అని ఒకరు, "జామెట్రీ పోయిన సమ్మరే అయిపోయిందమ్మా, ఇప్పుడు ఆల్జీబ్రా-2" అని ఇంకొకరు. పక్కనే కూర్చున్న జామెట్రీ విజేతను త్రిభుజం కోణాల సంగతి అడిగితే ఫోన్‌లోంచి తలెత్తడు.

వాళ్ళ బాధ వాళ్ళది. 1997 నుంచి టెక్సాస్ చట్టం క్లాసులో పైనున్న పదిశాతానికి ప్రభుత్వ యూనివర్సిటీల తలుపు తీస్తోంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ అయితే దాన్ని ఆరుకు, 2026 నుంచి అయిదుకు దించింది. దాంతో జీపీఏలో (గ్రేడుల సరాసరిలో) రెండో దశాంశం కోసం ఇళ్ళల్లో యుద్ధాలు. ఒక పిల్లవాడు వెనకబడి, ఇంకో పిల్లవాడు ముందుకు ఉరికి, ఇద్దరూ ఒకలాంటి తెరముందే కూర్చుని, ఒకలాంటి మీటలే నొక్కుతున్నారు. మొదటివాడి గురించి పాట్‌లక్‌లో "అయ్యో" అంటాం, రెండోవాడి ఫోటో కుటుంబం గ్రూపులో పెడతాం.

స్వదేశంలోనూ మనం తక్కువ తినలేదు. 2021లో కోవిడ్ వల్ల పరీక్షలు లేక, తెలంగాణలో పదో తరగతికి బడిలోనే పెట్టే 20 మార్కుల ఫార్మేటివ్ పరీక్షను అయిదుతో హెచ్చించి నూటికి చేశారు. ఆ మార్కులు వేసింది ఎవరి బడివాళ్ళు వాళ్ళకే. 5,21,073 మందిలో 2,10,647 మందికి పదికి పది జీపీఏ! అప్పుడది ఆపద్ధర్మం, ఇంకో దారి లేదు, తప్పుపట్టను. ఆపద లేకుండానే ధర్మాన్ని ఏటా నడిపించడంలోనే అమెరికా ప్రతిభ ఉంది.

ఇంత చక్కటి వ్యవస్థకు ఒకే ఒక్క చోట అడ్డు తగులుతోంది. శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ అధ్యాపకులు 2025లో ఒక నివేదిక రాశారు. హైస్కూలు లెక్కలు కూడా రాని కొత్త విద్యార్థులు అయిదేళ్ళలో దాదాపు ముప్ఫై రెట్లయ్యారట, ఎనిమిదిమందిలో ఒకరట. వాళ్ళ కోసం పెట్టిన కోర్సులో నాలుగోవంతు పిల్లలు హైస్కూలు లెక్కల్లో నాలుగుకు నాలుగు తెచ్చుకున్నవాళ్ళే. వాళ్ళకిచ్చిన ప్రశ్నల్లో ఒకటి: ఏడూ రెండూ కలిపితే ఎంతో, ఖాళీగడీలో ఏదో అంకె పెట్టి దానికి ఆరు కలిపినా అంతే రావాలి. ఆ గడీలో మూడు రాయలేకపోయినవాళ్ళు నాలుగోవంతు. దాంతో యూనివర్సిటీ ఆ కోర్సును ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా లెక్కలు చెప్పేలా మార్చుకుంది.

ఇక్కడే ప్రొఫెసర్ల అమాయకత్వం బయటపడింది. పాపం ఒక మనిషిని నిలబెట్టి, బోర్డు మీద రాయించి, పిల్లలకు వచ్చేదాకా చెప్పిస్తున్నారు. అలా చెబితే ఎంతమంది తప్పుతారో, ఎన్నేళ్ళు పడుతుందో లెక్కేసుకున్నారా? ఒక గది, కొన్ని హెడ్‌ఫోన్లు, ఒక లైసెన్సు. పిల్లలకు ఎలాగూ అలవాటే. కంపెనీవాళ్ళ నంబరు ఏ డిస్ట్రిక్టు ఆఫీసులో అడిగినా ఇస్తారు.