ధాన్యాగారంలో ఖాళీ లేదు

మా కడప జిల్లాకు రాళ్ళ మీద రాయడంలో గొప్ప చరిత్ర ఉంది. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. ఎర్రగుంట్ల పక్కన కలమళ్ళ అనే ఊళ్ళో, క్రీ.శ. 575 ప్రాంతంలో, రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు ఒక రాతి మీద తెలుగులో శాసనం వేయించాడు. దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిది అదేనంటారు. రాజులంతా సంస్కృతమో ప్రాకృతమో పట్టుకుని వేలాడుతున్న రోజుల్లో మావాడు జనం మాట్లాడే భాషలో చెక్కించాడు. 1450 ఏళ్ళు దాటినా ఆ సంప్రదాయం మా దగ్గర చెక్కు చెదరలేదు, చెక్కుతూనే ఉన్నారు. మొన్న ఆదివారం గండికోటలో కళ్ళారా చూసొచ్చా.

ప్రోగ్రాం మామూలే. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి లోయ ఒడ్డున సూర్యోదయం చూడాలని ముందురోజు రాత్రి ఇంటిల్లిపాదీ తీర్మానం చేశాం, ఏడున్నరకి కడప దాటాం. అక్క, బావ, వాళ్ళ పదేళ్ళ బుడ్డోడు, మా ఆవిడ, మా పాప, అమ్మ, రెండు పెద్ద బాక్సుల చిత్రాన్నం, ఒక గిన్నె పెరుగన్నం. సూర్యుడు మాకోసం ఆగలేదు, పాపం ఆయనకీ డ్యూటీ ఉంటుంది.

ముందు లోయ దగ్గరికే పోయాం. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుంటూ పోయిన చోటు అది, దాదాపు 300 అడుగుల లోతు, ఎర్రటి రాతి పెట్టెల్ని ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు రెండు పక్కలా గోడలు. గండి అంటే అదే, కోటకి పేరొచ్చింది దాన్నించే. లోయ గురించి నేను ఎక్కువ చెప్పను, ఫోటోలు మీరందరూ చూసే ఉంటారు, వాటిలో ఉన్నంత బాగానే ఉంటుంది. ఒక్కటి మాత్రం గమనించా. అవతలి గోడ మీద ఎవరూ ఏమీ రాయలేదు, చేతికి అందదు కాబట్టి. ఇవతల మనం నిలబడే బండల మీద మాత్రం తెల్ల పెయింటుతో జానెడు జానెడు అక్షరాలు. ఆ రాయి గట్టిది, తాళంచెవికి లొంగదు, అందుకని పెయింటు తెచ్చుకున్నారు. ఒక్కసారి ఊహించుకోండి. ఒక మనిషి ఆదివారం పొద్దున్నే లేచి, తలస్నానం చేసి, ఇంట్లో వాళ్ళకి దండం పెట్టి, చిన్న పెయింటు డబ్బా, ఒక బ్రష్షు జాగ్రత్తగా కవర్లో చుట్టి, ఒలక్కుండా బైకు మీద ఇద్దరి మధ్యలో ఇరికించుకుని, గతుకు వచ్చినప్పుడల్లా డబ్బాని చంటిబిడ్డలా పట్టుకుని, ఎక్కడెక్కడి నుంచో ఇక్కడిదాకా వచ్చాడు. మంచినీళ్ళ బాటిల్ మర్చిపోయి ఉంటాడు గానీ డబ్బా మర్చిపోలేదు. ఈ పట్టుదల గ్రూప్ టూ పరీక్ష మీద పెట్టి ఉంటే ఈపాటికి డిప్యూటీ తహసీల్దారు అయ్యుండేవాడు.

సరే, కోటలోకి వచ్చాం. జామా మసీదు పక్కనే ధాన్యాగారం. కోటలో అంత మందికి గింజలు దాచిన కట్టడం, పైన గుండ్రంగా కమానుల కప్పు, లోపల చల్లగా, చీకటిగా, చిన్నగా మాట్లాడినా గుయ్యిమని మోగుతుంది. నేను శాసన పరిశోధకుణ్ణేమీ కాదు గానీ, అక్కడ అరగంట తిరిగేసరికి మన కాలపు గండికోట శాసనాల మీద కొంత పట్టు చిక్కింది. ఎక్కువగా దొరికేవి ప్రేమ శాసనాలు: రెండు అక్షరాలు, మధ్యలో ప్లస్సు, చుట్టూ గుండె, గుండెలో బాణం. వీటిలో ఒక ఉపశాఖ ఉంది, అందులో అమ్మాయి పేరు గట్టిగా గీకి కొట్టేసి పక్కన ఇంకో పేరు ఉంటుంది, వంశం మారిందన్న మాట. స్నేహ శాసనాల్లో ఫలానా కాలేజీ మెకానికల్ బ్యాచ్ అని సంవత్సరంతో సహా వేస్తారు కాబట్టి కాలనిర్ణయానికి ఇబ్బంది లేదు. అభిమాన శాసనాల్లో ఒక హీరోకి జై, దాని కిందే ఇంకో హీరో అభిమాని జవాబు, ఆ జవాబు ఇక్కడ రాయదగింది కాదు. భాష సంగతికొస్తే ధనంజయుడి శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు, పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. లవ్ అనే మాటకి మాత్రం మా జిల్లాలో స్పెల్లింగు ఇంకా ఖాయం కాలేదు, ఎల్ యు వి అని ఒకడు, ఎల్ ఓ ఇ వి అని ఇంకొకడు.

నేను ఈ పరిశోధనలో ఉండగా బావ సెల్‌ఫోన్ టార్చి వేసుకుని గోడ పొడవునా నడుస్తున్నాడు. చరిత్ర మీద ఆసక్తి పుట్టిందేమో అని మురిసిపోయా. దగ్గరికి పోతే చేతిలో కారు తాళంచెవి ఉంది.

"ఖాళీ లేదు కదప్పా" అన్నాడు, అదేదో నా తప్పయినట్టు.

నిజంగానే లేదు. నేల నుంచి ఆరడుగుల ఎత్తుదాకా ఒక్క అంగుళం వదల్లేదు. కొందరు ముందుచూపున్న వాళ్ళు తమ పేరు చుట్టూ గీత గీసి ప్రహరీ కట్టుకున్నారు, ఆ ప్రహరీలోకి పక్కోడి గుండె తోక చొచ్చుకొచ్చి సరిహద్దు తగాదా కూడా నడుస్తోంది. మా బావ చేసేది ప్లాట్ల వ్యాపారం, పద్ధతిగా చూశాడు. ఒక మూల రెండు జానల జాగా కనిపించింది గానీ అది నైరుతి అట, వద్దనుకున్నాడు. తూర్పు గోడకే పేరు ఉండాలట. తూర్పు గోడ దగ్గర మెడ ఎత్తి చూసి, "రేయ్, పైన ఉందిరా" అని బుడ్డోణ్ణి పిలిచి, తాళంచెవి వాడి చేతికిచ్చి, వాణ్ణి భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. అక్క సెల్‌ఫోన్ పట్టుకుని వీడియో మొదలుపెట్టింది. వాడు పై నుంచి "ఎవరి పేరు ఫస్టు నాన్నా?" అన్నాడు. అక్కడ చర్చ మొదలైంది. ఇంటిపేరు రాయాలా వద్దా, అక్క పేరు ముందా బావ పేరు ముందా, తేదీ వేద్దామా, ఇంగ్లీషులోనా తెలుగులోనా, తెలుగులో అయితే బుడ్డోడికి ఒత్తులు రావు. వాళ్ళ నాయనమ్మ పేరు కూడా కలిపితే బాగుంటుందని అక్క, అంత జాగా లేదని బావ. కొత్త అపార్టుమెంటుకి పేరు పెట్టేటప్పుడు కూడా ఇంత మంతనాలు జరిగి ఉండవు.

"వద్దు బావా" అన్నా.

"ఇంతమంది రాసిన్యారు, మాది ఒక్కటే ఎక్కువైందా? ఎట్లా పాడైన గోడే గదా."

ఇంకేం జవాబు చెప్పాలో వెతుక్కుంటున్నా, ఈలోగా బావ నడుం పట్టేసింది. పదేళ్ళ పిల్లోడంటే ముప్పై కేజీలు, బావకి నలభై ఆరు. అబ్బా అని వంగిపోయాడు, బుడ్డోడు జారి కిందపడ్డాడు, అమ్మ పరిగెత్తుకొచ్చింది. ఈ దేశంలో ఇలాంటి పనికి రెండేళ్ళదాకా జైలు లేదా లక్ష రూపాయలదాకా జరిమానా లేదా రెండూ అని చట్టం ఉంది. 1958 నాటి చట్టం, శిక్ష పెంచింది 2010లో. కోటలో నీలం బోర్డు మీద కూడా అలాంటిదే రాసి ఉంది, దాని మీదా ఒక గుండె గీశారు. అంత చట్టం చేతగాని పనిని మా బావ నడుం నొప్పి చేసి చూపించింది.

నొప్పికి బామ్ రాసుకుని మాధవరాయస్వామి గుడికి వచ్చాం. ఎర్రరాతి గోపురం, లోపల దేవుడు లేడు, మండపంలో స్తంభాలున్నాయి. నేను ఒక స్తంభం దగ్గర నిలబడిపోయా. నాట్యం చేసే ఆడమనిషి, జానెడు ఎత్తు కూడా ఉండదు, ఒక కాలు మడిచి ఎత్తింది, ఆ కాలికి ఉన్న అందెల గీతలు ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు. పొట్ట మీద అడ్డంగా ఒక ఇంగ్లీషు ఎస్ అక్షరం, లోతుగా. వెనక నుంచి కర్ మని చప్పుడు. తిరిగి చూస్తే బుడ్డోడు. తాళంచెవి వాళ్ళ నాన్న తిరిగి తీసుకోలేదు. పక్క స్తంభం మీద వాడి పేరులో మొదటి అక్షరం సగం అయిపోయింది, గోళ్ళలో ఎర్ర దుమ్ము.

చెయ్యి గట్టిగా పట్టుకుని లాగా. వాడు ఏడుస్తూ అడిగాడు, "నాన్న ఎత్తుకుంటే తప్పు కాదు, నేను రాస్తే తప్పా మామా?"

ఇక్కడ నాకు వ్యంగ్యం రావట్లేదు, క్షమించాలి. ఆ స్తంభం చెక్కినవాడు ఎన్ని నెలలు ఎండలో కూర్చున్నాడో, వేళ్ళు ఎన్నిసార్లు చితికాయో, నేను ఎంత వెతికినా వాడి పేరు నాకు కనిపించలేదు. అంత పనితనం ఉన్నవాడు పేరు లేకుండా పోయాడు, చేతిలో తాళంచెవి తప్ప ఏ పనితనమూ లేనివాడు వాడి బొమ్మ పొట్ట మీద కూర్చున్నాడు. గోల్కొండ సేనతో వచ్చి మీర్ జుమ్లా, ఇక్కడ ఏలుతున్న పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోట పట్టుకున్నాడు. సరే, అతనికి కోట కావాలి, రాజ్యం కావాలి. వీడికేం కావాలిరా? 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడికే వచ్చాడు, చూసిందంతా రాసుకున్నాడు. పుస్తకంలో రాసుకున్నాడు, సామీ. కాగితం మీద. మూడొందల డెబ్బై ఏళ్ళైనా మనిషి పేరు పోలేదు, ఒక్క రాయి గీకకుండా. మనకి సెల్‌ఫోన్లో వెయ్యి ఫోటోలు తీసుకుని వాటితో పాటు గోడ కూడా కావాలి. ఎట్లా పాడైన గోడే గదా అంటాడు. ఎవడు పాడు చేశాడు? నీలాంటి వాళ్ళే కదా, ఒక్కొక్కడూ తనది ఒక్కటేగా అనుకుంటూ!

ఇదంతా గుడి మండపంలోనే గట్టిగా అనేశా. చుట్టుపక్కల జనం మావైపు తిరిగారు. బావ మొహం ఎర్రబడింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది గానీ, పోయినేడు గృహప్రవేశం చేసిన వాళ్ళ ఇంటి హాలు గుర్తొచ్చింది. సోఫా వెనక గోడకి "తల ఆనించరాదు" అని కంప్యూటర్ ప్రింటు తీసి అంటించాడు, నూనె మరకలు పడతాయని. ఇదే బుడ్డోడు ఆ గోడ మీద క్రేయాన్‌తో ఏనుగు వేస్తే రెండు తగిలించి, మర్నాడే పెయింటర్‌ని పిలిపించాడు. ఆ సంగతి ఎత్తి, "ఈసారి మీ ఇంటికొచ్చినప్పుడు హాల్లో తూర్పు గోడ మీద మా ఫ్యామిలీ పేర్లన్నీ మేకుతో రాసిపోతా, ఎట్లా ఏనుగు వేసిన గోడే గదా" అన్నా.

"అది నా ఇల్లప్పా" అన్నాడు. అంతే, అదొక్క మాటే.

చిత్రాన్నం ఎవరూ సరిగ్గా తినలేదు. బెలుం గుహలకి కూడా పోదామనుకున్నాం, ఆ మాట ఎవరూ ఎత్తలేదు. కార్లో అందరూ కిటికీల్లోంచి బయటికే చూస్తున్నారు, బుడ్డోడు నా ఒళ్ళోనే నిద్రపోయాడు, గోళ్ళల్లో ఆ దుమ్ము అట్లాగే ఉంది. ముద్దనూరు దాటాక థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి. కలమళ్ళ అక్కడే. ఆ రాయి ఇంకా ఊరి గుళ్ళో ఉంది, చాలా అక్షరాలు అరిగిపోయాయి గానీ చివర్లో మహాపాతకం అన్న మాట మిగిలే ఉంది, శాసనాన్ని చెరిపేవాళ్ళకి పాత రాజులు పెట్టే శాపం. పోట్లాట కొంచెం చల్లారుతుందని నేనే నోరు విప్పా.

"బావా, కొంచెం కలమళ్ళలోకి తిప్పు, పది నిమిషాలే."

"ఏముందప్పా ఆడ?"

"ఒక రాయి ఉంది. దాని మీద ఒకాయన పేరు రాయించుకున్నాడు."

బావ అద్దంలోంచి నావైపు చూశాడు. "ఎవడో రాయి మీద పేరు రాసుకుంటే అది చూసేదానికి పెట్రోలు తగలేయాల్నా?" అని గేరు మార్చి నేరుగా కడప దారి పట్టించాడు.