ట్రిగ్గర్‌కి టేపు చుట్టిన ప్లానర్

ఇంటీరియర్ పని నడుస్తున్న ఫ్లాట్లలో ఈ దృశ్యం మీరూ చూసే ఉంటారు. హాల్లో ఓ మూల ప్లైవుడ్ ముక్కకి కంత కోసి, అందులో ఎలక్ట్రిక్ ప్లానర్‌ని, అంటే కరెంటుతో చెక్కని చిత్రిక పట్టే మిషన్‌ని, తలకిందులుగా బిగిస్తారు. బ్లేడ్లు బిగించిన, గిర్రున తిరిగే డ్రమ్ము పైకి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు కాబట్టి దానికి ఇన్సులేషన్ టేపు చుట్టేస్తారు. ఇక ఆపాలంటే గోడ దగ్గరికెళ్ళి స్విచ్ కొట్టాల్సిందే. ఆ డ్రమ్ము మీదుగా బీడింగ్ ముక్కల్ని (అంచులకి కొట్టే సన్న చెక్క పట్టీల్ని) ఉత్త అరచేత్తో తోస్తుంటారు. ఇదేంటి మేస్త్రీ అంటే ఒకటే జవాబు: "ఎన్నేళ్ళ నుంచో చేస్తున్నాం సార్, ఏం కాదు."

పని రానివాళ్ళు ఈ మాట అంటే సరేలే అనుకోవచ్చు. అనేది మంచి పనివాళ్ళు. చేతి రందాతో, అంటే చేత్తో తోసే చిత్రికతో, టేకు చెక్కని అద్దంలా చేయగలిగినవాళ్ళు. నన్నడిగితే అసలు చిక్కు అక్కడే ఉంది. చేతి రందా దగ్గర పడ్డ అలవాట్లన్నీ తెచ్చి మిషన్ మీద చూపిస్తున్నాం.

చేతి రందాతో చెయ్యి ఆగితే పనిముట్టూ ఆగుతుంది. అందుకే నేల మీద కూర్చుని చెక్కని కాలితో తొక్కిపట్టి లాగించినా నడిచేది. పొట్టు ఇరుక్కుంటే వేలితో పీకేసేవాళ్ళు. తోస్తూ తోస్తూనే ఎడమ అరచేత్తో నునుపు చూసుకునేవాళ్ళు. అందులో ఏ ఒక్కటీ తప్పు కాదు, ఆ పనిముట్టుకి.

ప్లానర్ సంగతి వేరు. మామూలుగా దొరికే 82 మిల్లీమీటర్ల మిషన్‌లో డ్రమ్ముకి రెండు బ్లేడ్లు, నిమిషానికి 16,000 చుట్ల దాకా వేగం. లెక్కేస్తే సెకనుకి 500 కోతలు దాటుతాయి. ట్రిగ్గర్ వదిలాక కూడా డ్రమ్ము వెంటనే ఆగదు. మోటారు మోత తగ్గగానే మనకి ఆగిపోయినట్టే అనిపిస్తుంది, లోపల మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. వేళ్ళు పోవడానికి ఆ కాస్త సమయం చాలు. పూర్తిగా ఆగేదాకా రెండు చేతులూ రెండు పిడుల మీదే ఉంటే వేళ్ళకి అక్కడ పనే లేదు.

ఇంకో మాట, కటువుగా ఉన్నా చెప్పాలి. రంపానికి తెగిన వేలిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్తే అతికించే అవకాశం కొంతైనా ఉంటుంది. ప్లానర్ వేలిని తెంపదు, చెక్కేస్తుంది. చెక్కినదంతా పొట్టులో కలిసిపోతుంది. డాక్టరు చేతికి ఇవ్వడానికి ఏమీ మిగలదు. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం షెడ్యూలులో చూపుడు వేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 14 శాతం నష్టమని రాశారు. ఉలి పట్టుకుని బతికేవాడికి చూపుడు వేలు విలువ 14 శాతమట! అదైనా కాగితం మీద కూలీగా పేరున్నవాడి సంగతి. మన సైట్లలో ఎవరి పేరు ఏ కాగితం మీద ఉంటుంది?

ట్రిగ్గర్ పక్కన బొటనవేలితో నొక్కే చిన్న బటన్ ఉంటుంది. పొరపాటున ట్రిగ్గర్ తగిలినా మిషన్ లేవకుండా ఉండడానికే అది. టేపు చుడితే అది ఉన్నా లేనట్టే. కొన్ని మిషన్లకి ట్రిగ్గర్‌ని ఆన్‌లోనే ఉంచే లాక్ కూడా ఉంటుంది. ఇక్కడ మన కరెంటు సంగతి గుర్తుపెట్టుకోవాలి. పని మధ్యలో కరెంటు పోతుంది. మనవాడు ప్లానర్‌ని అలాగే బల్ల మీద పెట్టి టీకి పోతాడు. కరెంటు రాగానే మిషన్ తనంతట తాను లేచి బల్ల మీద పరుగెడుతుంది. కరెంటు పోతే మొదట లాక్ వదలాలి, తర్వాత ప్లగ్ పీకాలి, ఆ తర్వాతే టీ.

చాలా మోడళ్ళకి వెనక అడుగున స్ప్రింగుతో వాలే చిన్న కాలు ఉంటుంది. మిషన్ కింద పెట్టినప్పుడు బ్లేడ్లు బల్లకి తగలకుండా ఎత్తి ఉంచుతుంది. సైట్లో ఉన్న మిషన్లలో అది విరిగిపోయో, పొట్టు నిండి బిగుసుకుపోయో ఉంటుంది. "అదేదో అడ్డం వస్తోంది" అని కావాలని పీకేసేవాళ్ళూ ఉన్నారు. పొట్టు బయటికొచ్చే దారి పచ్చి చెక్క పడితే తరచూ పూడుకుపోతుంది. దాంట్లో వేలు పెడితే డ్రమ్ము అక్కడే ఉంటుంది. ముందు ప్లగ్ పీకి, తర్వాత పుల్లతో తీయాలి. బ్లేడు మార్చినా అంతే. రెండు బ్లేడ్లూ ఒకేసారి మార్చాలి, ఒకే ఎత్తులో, బోల్టులు గట్టిగా బిగించి.

వాడే పద్ధతి పెద్ద విద్యేం కాదు. చెక్కని బల్లకి క్లాంపులతో బిగించాలి, కాలితో కాదు. మిషన్ అడుగున ఉండే ముందు పలకని చెక్క మీద ఆనించి, బ్లేడు తగలకముందే ట్రిగ్గర్ నొక్కాలి. మొదట్లో బరువు ముందు పిడి మీద, చివరికొచ్చేసరికి వెనక పిడి మీద. గట్టి చెక్కకి అర మిల్లీమీటరు లోతు చాలు, ఇంకోసారి పట్టినంత మాత్రాన పోయేదేం లేదు. వానాకాలంలో ఉబ్బిన తలుపు అంచుని ఒక్క దెబ్బకి దించాలని రెండు మిల్లీమీటర్లు పెట్టి తోస్తే మిషన్ ఎగిరి తంతుంది. వైరు భుజం మీదుగా వెనక్కి పోవాలి. భుజాన తువ్వాలు, మణికట్టుకి గుడి దారాలు, వదులు గ్లౌజులు డ్రమ్ము దగ్గరికి రాకూడదు. దారం తీయడం ఇష్టం లేకపోతే బిగుతు ఫుల్ హ్యాండ్ చొక్కాలోకి దోపుకోండి, దేవుడేమీ అనుకోడు.

కూల్చిన ఇళ్ళ టేకు ద్వారబంధాలంటే ఇప్పుడు భలే మోజు. వాటిలో తల విరిగిన మేకులుంటాయి. ముందు అయస్కాంతంతో తడిమి చూడాలి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) పరిమితి అమలైంది 2017 నవంబరులోనే. రంగు చెక్కని గదిలో పెట్టి ప్లానర్ పట్టొద్దు. ఉత్త చెక్క దుమ్మునే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. జేబురుమాలు కడితే అది ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. కళ్ళద్దాలు, చెవులకి ప్లగ్గులు కూడా.

ఇవన్నీ పనివాడికి చెప్పి చేతులు దులుపుకోవడం తేలిక. బల్ల ఎవరు కొనాలి? క్లాంపులు ఎవరు కొనాలి? తలకిందులుగా బిగించడానికి కొన్ని మోడళ్ళకి కంపెనీలే స్టాండు అమ్ముతాయి, డ్రమ్ముని కప్పే గార్డుతో సహా. అది కొనని కాంట్రాక్టరు, గృహప్రవేశం ముహూర్తం చెప్పి రోజుకి నాలుగు ఫోన్లు చేసే ఓనరు, ఇద్దరూ కలిస్తేనే ఆ ట్రిగ్గర్‌కి టేపు పడుతుంది. లక్షలు పోసి వార్డ్‌రోబ్‌లు చేయించుకుంటూ, వెయ్యి రెండు వేల క్లాంపుల దగ్గర బేరమాడేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మీ ఇంట్లో పని నడుస్తుంటే ఈ సాయంత్రం వెళ్ళినప్పుడు లామినేట్ రంగుతో పాటు ఆ మిషన్ని కూడా చూడండి. టేపు కనిపిస్తే పీకించండి. దానివల్ల పని రెండు రోజులు ఆలస్యమైతే కానివ్వండి, ఆ కూలీ మీరే ఇవ్వండి.